తాళం డ్రైవ్‌లోనే ఉంది, చెవి ఎక్కడుండాలి? – ఒక స్టోరేజ్ ఎన్‌క్రిప్షన్ ప్రాజెక్టు డైరీ

జనవరి 19, 2026

ఈ పని ఒక రిజిస్టరుతో మొదలైంది. మాది కొన్ని ఊళ్లలో రోగనిర్ధారణ కేంద్రాలున్న సంస్థ. ప్రధాన మెషీన్ రూము హైదరాబాదులోనూ, రెండవది విజయవాడలోనూ ఉన్నాయి. హైదరాబాదు స్టోరేజ్ అర్రేలో, అంటే చాలా డ్రైవ్‌లను కలిపి నడిపే నిల్వ యంత్రంలో, డ్రైవ్ చెడిపోయినప్పుడల్లా వారంటీ ఒప్పందం ప్రకారం సర్వీసు ఇంజినీరు వచ్చి, కొత్తది బిగించి, పాతదాన్ని సంచిలో వేసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్తాడు. అయిదేళ్లలో అలా తొమ్మిది డ్రైవ్‌లు వెళ్లాయి. సంక్రాంతి సెలవుల తరువాత వచ్చిన అంతర్గత ఆడిటర్ ఆ పుటను తిరగేసి, ‘‘ఈ తొమ్మిదింటిలో ఏముందండీ?’’ అని ఒక్క ప్రశ్న వేశారు.

ఫైలును ముక్కలు చేసి చాలా డ్రైవ్‌ల మీద పంచే రెయిడ్ అమరికలో ఒక్క డ్రైవ్‌లో పూర్తి ఫైలు ఉండదని, ముక్కలే ఉంటాయని నేను చెప్పాను. ముక్క పరిమాణం ఎంతని ఆయన అడిగారు. మా అమరికలో అది 128 కిలోబైట్లు. ఒక రక్తపరీక్ష నివేదిక, రోగి పేరు, వయసు, ఫోను నంబరు, ఫలితాలతో సహా, అందులో చాలాసార్లు పడుతుంది. ఆ మాట నా నోటితోనే చెప్పవలసి వచ్చింది.

సాయంత్రం స్పేర్ పార్టుల అల్మారా తెరిచి, అదే మోడలు డ్రైవ్ ఒకటి బయటికి తీసి చూశాను. లేబులు మీద మోడలు నంబరు, సీరియల్ నంబరుల కింద, చిన్న అక్షరాలలో, పీఎస్‌ఐడీ అన్న మాట, దాని పక్కన 32 అక్షరాల సంకేతం ఉన్నాయి. అది ఉన్నదంటే ఆ డ్రైవ్ తనను తాను ఎన్‌క్రిప్ట్ చేసుకునే (కీ లేనిదే చదవలేని రూపంలోకి డేటాను మార్చుకునే) రకమన్నమాట, వాడుకలో ఎస్‌ఈడీ. అంటే అయిదేళ్లుగా మా డేటా ప్రతి బైటూ ఎన్‌క్రిప్ట్ అవుతూనే ఉన్నది. అయినా బయటికి వెళ్లిన తొమ్మిది డ్రైవ్‌లను ఎవరు మరో యంత్రానికి తగిలించినా అవి నోరు విప్పి చెప్పేస్తాయి.

ఈ వింత ఎలా సాధ్యమో ఇక్కడ రాసి పెట్టుకోవడం అవసరం. ఇలాంటి డ్రైవ్‌లో డేటాను మార్చే కీ ఫ్యాక్టరీలోనే, డ్రైవ్ లోపలే పుడుతుంది, బయటికి రాదు. రాసే ప్రతి బ్లాకు ఏఈఎస్-256 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఇంజిను గుండా వెళ్తుంది. దాన్ని ఆపే మీట అసలు లేదు. కానీ ఆ లోపలి కీకి పైనుంచి మరొక కీ వేసి కప్పి, కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పై కీ అడిగేలా డ్రైవ్‌ను లాక్ చేస్తేనే రక్షణ. ఆ పని మేము చేయలేదు. అర్రే కొన్నప్పుడు కీ నిర్వహణ లైసెన్సును ధర తగ్గించడానికి తీసివేశారని పాత కొనుగోలు ఫైలులో కనిపించింది. ఆ తీసివేత కింద సంతకాలలో నాది కూడా ఒకటి.

జనవరి 27

అర్రే వయసు కూడా మీరింది కాబట్టి, పాతదానికి అతుకులు వేయడం మాని, కొత్తది కొనేటప్పుడే ఎన్‌క్రిప్షన్ సంగతి తేల్చాలని యాజమాన్యం నిర్ణయించింది. ఈసారి లైసెన్సు కోత ప్రస్తావన ఎవరూ తేలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రతా చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అన్న వాక్యాన్ని ఆడిటర్ తన నివేదిక మొదటి పుటలోనే పెట్టారు. 2025 నవంబరులో నోటిఫై అయిన నియమాలు తగిన చర్యల్లో ఎన్‌క్రిప్షన్‌ను పేరు పెట్టి చెప్పాయి. వైద్య రికార్డులను 2011 నాటి ఐటీ నియమాలు సున్నితమైన సమాచారంగా విడిగా చూశాయి; కొత్త చట్టంలో ఆ విభజన లేదు, వ్యక్తిగత డేటా అంతా ఒకే గాటన ఉంటుంది. అందువల్ల ‘స్కాన్‌లకు మాత్రమే ఎన్‌క్రిప్షన్, మిగతావాటికి వద్దు’ అన్న పొదుపు వాదన మొదటి సమావేశంలోనే వీగిపోయింది.

నేను కోరుకున్నది మాత్రం చట్టం మాట పక్కన పెట్టి, దేని నుంచి కాపాడుకుంటున్నామో ముందు రాసుకోవడం. డ్రైవ్ వారంటీలో బయటికి పోవడం, డ్రైవ్ దొంగతనం, కాలం తీరిన అర్రేను పాత సామాను కింద అమ్మడం, మొత్తం అర్రేనే ఎత్తుకుపోవడం: స్టోరేజ్ స్థాయి ఎన్‌క్రిప్షన్ వీటికే పనికి వస్తుంది. లాగిన్ అయిన వినియోగదారుకు, డేటాబేస్ అడ్మినిస్ట్రేటరుకు, సర్వర్‌లోకి దూరిన రాన్సమ్‌వేర్‌కు అర్రే ఎప్పుడూ విప్పిన డేటానే అందిస్తుంది. ఈ సంగతి సమావేశంలో చెప్పగానే ఆర్థిక విభాగం మేడమ్ ‘‘మరి ఇంత ఖర్చు దేనికండీ?’’ అన్నారు. తొమ్మిది డ్రైవ్‌ల కోసం అన్నాను. ఆవిడ మరి మాట్లాడలేదు.

ఫిబ్రవరి 6

ఎన్‌క్రిప్షన్ జరిగే చోటును బట్టి మా ముందు మూడు దారులు ఉన్నాయి: సర్వర్‌లోనా, అర్రేను నడిపే కంట్రోలర్‌లోనా, డ్రైవ్‌లోనా.

సర్వర్‌లో చేస్తే డేటా తీగ మీద వెళ్లేటప్పుడు కూడా ముసుగులోనే ఉంటుంది, ఇది పెద్ద లాభం. దీనికి వ్యతిరేకంగా అందరూ చెప్పే మాట ఒకటి ఉంది: ఎన్‌క్రిప్ట్ అయిన డేటా యాదృచ్ఛిక అంకెల కుప్పలా ఉంటుంది కాబట్టి అర్రే దాన్ని కుదించలేదు, ఒకేలాంటి బ్లాకులను గుర్తించి ఒక్కసారే నిల్వ చేయనూ లేదు. మా విషయంలో ఈ వాదనకు సగం బలమే ఉన్నది. మా నిల్వలో పెద్ద భాగం స్కాన్ బొమ్మలు. అవి ముందే జేపెగ్ తరహా పద్ధతులలో కుదించి వస్తాయి, అర్రే వాటిలో మరి పిండగలిగేది ఏమీ లేదు. ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్‌గా నడిచే వర్చువల్ యంత్రాలకు మాత్రం ఆ నష్టం నిజమే. నన్ను వెనక్కి లాగిన అసలు కారణం వేరు. స్కాన్ బొమ్మల సర్వర్లను నడిపేది పరికరాల విక్రేతలు. ఆపరేటింగ్ సిస్టంలో ఏ మార్పు చేసినా తమ మద్దతు రద్దవుతుందని వారి ఒప్పందం చెబుతుంది. నా చేయి పడని సర్వర్ల మీద కీలు ఎలా కాపాడగలను?

కంట్రోలర్‌లో చేస్తే ముందు కుదింపు, తరువాత ఎన్‌క్రిప్షన్, ఆ తరువాత డ్రైవ్: వరుస సరిగ్గా ఉంటుంది. 2010 తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లలో ఏఈఎస్ కోసం ప్రత్యేక ఆదేశాలు వచ్చినప్పటి నుంచి ఇది భారం కూడా కాదు. మామూలు డ్రైవ్‌లు సరిపోతాయి, కాబట్టి స్పేర్ డ్రైవ్ దొరకడం తేలిక.

డ్రైవ్‌లో చేస్తే ప్రతి డ్రైవ్‌కు దాని ఇంజిను దానికే ఉంటుంది. డ్రైవ్‌లు పెరిగినకొద్దీ ఎన్‌క్రిప్షన్ శక్తి కూడా తనంతట తానే పెరుగుతుంది, కంట్రోలర్‌కు సంబంధం లేదు. పైగా లాక్ చేయడానికి పాత డేటాను మళ్లీ రాయనక్కరలేదు, ఎందుకంటే అది మొదటినుంచీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నది. చిక్కు ఎక్కడంటే, కలిపి వాడే డ్రైవ్‌ల గుంపులో, అంటే పూల్‌లో, ఒక్క మామూలు డ్రైవ్ కలిసినా చాలా అర్రేలు ఒప్పుకోవు. అర్ధరాత్రి డ్రైవ్ చెడితే ఆ రకం డ్రైవే కావాలి.

ఈ మూడవ దారి మీద ఉన్న పెద్ద మచ్చ గురించి మా సెక్యూరిటీ సహోద్యోగి గుర్తు చేశాడు. 2018 నవంబరులో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కార్లో మేయర్, బెర్నార్డ్ వాన్ గాస్టెల్ కొన్ని ప్రసిద్ధ ఎస్‌ఎస్‌డీల (చిప్‌ల మీద డేటా దాచే డ్రైవ్‌ల) ఫర్మ్‌వేర్‌ను, అంటే డ్రైవ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను, విప్పి చూసి, వాటిలో కొన్నింటిలో పాస్‌వర్డుకూ లోపలి కీకీ గణితపరమైన ముడి ఏదీ లేదని నిరూపించారు. పాస్‌వర్డు సరిపోయిందా లేదా అని ఫర్మ్‌వేర్ ఒక పోలిక మాత్రం చేసి తలుపు తీస్తుంది. ఆ పోలికను దాటవేస్తే పాస్‌వర్డు లేకుండానే డేటా వస్తుంది. అప్పటికి విండోస్‌లోని ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ బిట్‌లాకర్ అలాంటి డ్రైవ్ కనిపిస్తే పనంతా దానికే వదిలేసేది. మరుసటి ఏడు సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఆ అలవాటు మార్చి, కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేసే డ్రైవ్‌లకు సాఫ్ట్‌వేర్ పద్ధతినే సహజ ఎంపికగా పెట్టింది.

ఆ పరిశోధనలో చూసినవి ఎక్కువగా వ్యక్తిగత కంప్యూటర్లలో వాడే డ్రైవ్‌లు, మేము కొనేవి అర్రేల కోసం చేసినవి. కానీ ఫర్మ్‌వేర్ విప్పి చూడలేని స్థితి మాకూ అదే. ఇది హార్డ్‌వేర్‌కే పరిమితమైన చిక్కు కూడా కాదు. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ కూడా మూసిన పెట్టే. మనం చదవలేనిదాన్ని ఎవరైనా చదివి సంతకం పెట్టారా అన్నది చూసుకోవడమే మిగిలిన మార్గం.

ఫిబ్రవరి 17

ముగ్గురు విక్రేతలతో వరుసగా సమావేశాలు జరిగాయి. ముగ్గురి పత్రాలలోనూ, ఎన్‌క్రిప్షన్ పరికరాలకు అమెరికా పెట్టిన ప్రమాణమైన ఫిప్స్ 140 అన్న మాట ఉన్నది, కానీ దాని పక్కనున్న క్రియాపదాన్ని చూడాలి. ‘అనుగుణం’ అని రాస్తే విక్రేత తన గురించి తానే చెప్పుకుంటున్నాడని అర్థం. ‘ధ్రువీకరణ పొందినది’ అంటే గుర్తింపు పొందిన ప్రయోగశాల పరీక్షించి, అమెరికా, కెనడా ప్రభుత్వాల ఉమ్మడి కార్యక్రమం సర్టిఫికెట్ నంబరు ఇచ్చిందని అర్థం. ఆ నంబరును అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వెబ్‌సైటులో ఎవరైనా వెతికి చూడవచ్చు. మన దేశంలో మాకు ఇది చట్టపరమైన అవసరం కాదు, కానీ మా తరఫున ఫర్మ్‌వేర్ చదివిన మూడవ వ్యక్తి సంతకం ఇంతకన్నా చవకగా దొరకదు.

ఇద్దరు నంబరు అప్పటికప్పుడు ఇచ్చారు. మూడవ ప్రతినిధి ‘‘సార్, అదంతా హెడ్డాఫీసులో ఉంటుంది, పంపిస్తాను’’ అన్నారు. ఆ నంబరు ఇంకా రాలేదు.

నంబరు దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. సర్టిఫికెట్ ఒక నిర్దిష్ట హార్డ్‌వేర్ కూర్పుకు, ఒక నిర్దిష్ట ఫర్మ్‌వేర్ వెర్షన్‌కు మాత్రమే వర్తిస్తుంది. మొదటి విక్రేత నంబరుతో వెతికితే దొరికిన ఫర్మ్‌వేర్, వారు ఇప్పుడు సరఫరా చేస్తున్నదానికన్నా రెండు మెట్లు పాతది. భద్రతా లోపం సరిచేసిన కొత్త ఫర్మ్‌వేర్ వేసుకుంటే ధ్రువీకరణ జారిపోతుంది, వేసుకోకపోతే లోపం అలాగే ఉంటుంది. ఈ మెలిక ప్రమాణంలోనే ఉన్నది. నా మటుకు లోపం సరిచేసిన ఫర్మ్‌వేరే ముఖ్యం, సర్టిఫికెట్ దాని తరువాతే. ఆడిటర్‌కు ఆ మాట రాతపూర్వకంగా చెప్పాను.

ఇంకో తేదీ కూడా చూసుకోవలసి వచ్చింది. పాత ప్రమాణమైన ఫిప్స్ 140-2 కింద ఇచ్చిన సర్టిఫికెట్లు 2026 సెప్టెంబరు 21 తరువాత చారిత్రక జాబితాలోకి వెళ్తాయి. ఆ రోజుతో డ్రైవ్ బలహీనపడదు. కానీ ఏడేళ్లు వాడబోయే అర్రేకు ఏడు నెలలలో పాతబడే కాగితం కొనడం తెలివి కాదు. అందుకని టెండరులో 140-3 ధ్రువీకరణ, లేదా దాని కోసం పరీక్షలో ఉన్న మాడ్యూళ్ల జాబితాలో పేరు ఉండాలని రాశాము. ఆ ప్రమాణంలోని భద్రతా లెవెల్ విషయంలో 2 చాలన్నాము. డ్రైవ్‌ను ఎవరైనా విప్పితే ఆనవాలు మిగలాలన్నది లెవెల్ 2 కోరే ముఖ్యమైన విషయం, మా భయాలకు అది సరిపోతుంది.

మార్చి 3

రెండవ విక్రేత నుంచి అర్రే ఒకటి నెలరోజుల పరీక్షకు అరువు వచ్చింది. ట్రేల నుంచి డ్రైవ్‌లు ఊడదీసి, ఒక్కొక్క పీఎస్‌ఐడీ లేబులునూ ఫోటో తీయడంతో మొదటి రోజంతా గడిచింది. ఇది పిచ్చిపని కాదు. పై కీ పోతే డేటా ఎలాగూ పోతుంది, కానీ డ్రైవ్‌ను ఫ్యాక్టరీ స్థితికి తెచ్చి మళ్లీ వాడుకోవడానికి ఉన్న ఒకే దారి ఆ 32 అక్షరాలు. ఆ లేబులు ట్రేలో బిగించాక లోపలివైపుకు తిరిగిపోతుంది. ఒక డ్రైవ్ లేబులు మీద సున్నానో ఓ అక్షరమో తెలియక, పక్కనే ఉన్న చుక్కల చతురస్రపు కోడును ఫోనుతో చదివి తేల్చుకున్నాను.

వేగం పరీక్షలో చెప్పుకోవలసినది ఏమీ తేలలేదు. లాక్ చేసి, చేయకుండా, చిన్న బ్లాకులతో, పెద్ద బ్లాకులతో కొలిస్తే వచ్చిన తేడాలు, ఒకే పరీక్షను రెండుసార్లు నడిపితే వచ్చే తేడాలకన్నా తక్కువ. డ్రైవ్‌లో ఇంజిను ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఇది ఇలాగే రావాలి.

చెరపడం పరీక్ష మాత్రం కళ్లారా చూడదగినది. 16 టెరాబైట్ల డ్రైవ్‌ను సెకనుకు 200 మెగాబైట్ల వేగంతో ఒక్కసారి చెరిపి రాయాలంటే 22 గంటలు పడుతుంది. ఎస్‌ఎస్‌డీ అయితే అంతసేపు రాసినా, అదనంగా దాచి ఉంచిన కణాలలో పాత డేటా మిగిలిపోవచ్చు. లోపలి కీని మార్చమని ఆదేశం ఇస్తే, ఎంటర్ నొక్కి చేయి వెనక్కి తీసుకునేలోపే పని అయిపోయింది. డ్రైవ్‌లో బిట్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి, వాటికి అర్థం మాత్రం లేదు. నిస్ట్ 800-88 మార్గదర్శకం కూడా దీన్ని చెరిపే పద్ధతిగా అంగీకరిస్తుంది, అయితే డేటా పడకముందు నుంచే ఎన్‌క్రిప్షన్ నడుస్తూ ఉండాలి.

ఒక బలహీనత కూడా ఈ పరీక్షలోనే స్పష్టంగా కనిపించింది. డ్రైవ్ లాక్ అయ్యేది కరెంటు పోయినప్పుడే. అర్రే నడుస్తున్నంతసేపూ తలుపు తెరిచే ఉంటుంది. కంట్రోలర్‌ను రీస్టార్ట్ చేసినా డ్రైవ్‌లకు విద్యుత్తు ఆగకపోతే అవి మూసుకోవు. కరెంటు తెగకుండా డేటా తీగను మాత్రం వేరే యంత్రానికి మార్చి చదివే దాడిని 2015లోనే భద్రతా పరిశోధకులు చూపించారు. దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. ర్యాక్‌కు అసలైన ఇనుప తాళం, ఎదురుగా కెమెరా పెట్టించమని ఇండెంటు రాశాను.

మార్చి 15, ఆదివారం

డ్రైవ్‌లోని ఇంజిను గురించి నెలన్నర ఆలోచించాము. మమ్మల్ని ముంచబోయింది మాత్రం కీ మేనేజరు.

పై కీలు అర్రే లోపలే ఉంచుకునే వసతి ఉన్నది. ఖర్చు లేదు, తిప్పలు లేవు. కానీ అర్రేనంతా ఎత్తుకుపోతే కీలు కూడా దానితోనే వెళ్తాయి. పాత సామాను కింద అమ్మినప్పుడు ఎవరో ఒకరు చెరపడం మరిచిపోతే అంతే సంగతులు. అందుకని కీలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఉన్న కేఎంఐపీ ప్రమాణంతో మాట్లాడే బయటి కీ సర్వర్లు పెట్టాలని అనుకున్నాము. అర్రే లేవగానే 5696 పోర్టు మీద కీ సర్వర్‌ను పలకరించి, రెండువైపులా తామెవరో నిరూపించే డిజిటల్ సర్టిఫికెట్లు చూపించుకుని, కీలు తీసుకుని, డ్రైవ్‌లను తెరుస్తుంది. కాగితం మీద చక్కగా ఉన్నది.

ఈ రోజు కరెంటు పూర్తిగా పోయినట్టు నాటకం ఆడాము. అరువు అర్రేనే అసలుదిగా భావించి, దాని మీద కొన్ని వర్చువల్ యంత్రాలను పెట్టాము. వాటిలో డొమైన్ సర్వర్ నకలు ఒకటి, మొదటి కీ సర్వర్ ఒకటి ఉన్నాయి. కీ సర్వర్ ఎన్‌క్రిప్ట్ అయిన అర్రే మీదే ఉంటే అర్రే లేవదని మాకు తెలుసు. అందుకే రెండవ కీ సర్వర్‌ను, అల్మారాలో ఉన్న పాత సర్వర్ ఒకదానిలో, దాని సొంత డిస్కు మీద పెట్టాము. ఆ తెలివికి మాకు మేమే మెచ్చుకున్నాము కూడా.

10 గంటల 5 నిమిషాలకు మొత్తం ఆపి, పావుగంట తరువాత వేశాము. అర్రే లేచింది, డ్రైవ్‌లన్నీ లాక్ అయి ఉన్నాయి, కీ సర్వర్ దొరకడం లేదని తెర మీద వరుసగా పడుతోంది. రెండవ సర్వర్ నడుస్తూనే ఉన్నది, పింగ్‌కు జవాబు కూడా ఇస్తోంది. ఇరవై నిమిషాల తరువాత తెలిసింది: అర్రేలో కీ సర్వర్ల చిరునామాలను పేర్లతో ఇచ్చాము. ఆ పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డొమైన్ సర్వర్, లాక్ అయిన డ్రైవ్‌ల మీద నిద్రపోతోంది.

పేరు తీసి ఐపీ చిరునామా ఇచ్చాము. ఈసారి సర్వర్ దొరికింది, కానీ సర్టిఫికెట్ చెల్లదంది. నిన్ననే తయారు చేసిన సర్టిఫికెట్ చెల్లకపోవడం ఏమిటని అరగంట తలలు పట్టుకున్నాము. చివరికి ఆ పాత సర్వర్ గడియారం చూస్తే 2019 జనవరి 1 అని ఉన్నది. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. మామూలు రోజులలో సమయాన్ని డొమైన్ సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. 2019లో ఉన్న సర్వర్‌కు 2026లో పుట్టిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనిదే కదా.

ఇంతలో యూపీఎస్ చూడడానికి వచ్చిన మెకానిక్ తన పని ముగించుకుని, తలుపు దగ్గర నిలబడి, ‘‘కరెంటు ఎప్పుడో వచ్చేసింది కదా సార్, ఇది ఇంకా ఎందుకు లేవలేదు?’’ అని అడిగాడు. గడియారం సరిచేసి, డ్రైవ్‌లు తెరుచుకునేసరికి 11 గంటల 50 నిమిషాలు. నిజంగా జరిగి ఉంటే అంతసేపూ ఏ కేంద్రంలోనూ ఒక్క నివేదిక కూడా బయటికి వచ్చేది కాదు.

మార్చి 24

ఉగాది తరువాత కీ సర్వర్ల రూపకల్పన మొత్తం తిరగరాశాము. వర్చువల్ యంత్రాలు వద్దనుకుని, ధ్రువీకరణ ఉన్న రెండు చిన్న పెట్టెలు కొనాలని తేల్చాము: ఒకటి హైదరాబాదులో, ఒకటి విజయవాడలో. రెండూ డొమైన్‌లో చేరవు. అర్రేలో వాటి ఐపీ చిరునామాలే ఉంటాయి. సమయాన్ని రూటర్ల నుంచి తీసుకుంటాయి. సర్టిఫికెట్లు ముగిసే తేదీలు నా క్యాలెండరులోనే కాక ఇంకో ఇద్దరి క్యాలెండర్లలోనూ ఉంటాయి, ఎందుకంటే సర్టిఫికెట్ గడువు తీరినా, నడుస్తున్న అర్రే ఏ ఫిర్యాదూ చేయకుండా నడుస్తూనే ఉండవచ్చు. తరువాతి కరెంటు కోతలో గానీ సంగతి బయటపడదు. పాత సర్వర్‌కు కూడా కొత్త బ్యాటరీ వేశాను, వీధి చివర వాచీల కొట్టులో కొన్నది.

కీ సర్వర్ల బ్యాకప్ మీద ఎక్కువ వాదన జరిగింది. ఆ బ్యాకప్‌ను తెరిచే సంకేతం ఒక్కరి దగ్గర ఉంటే ఆ ఒక్కరే మొత్తం సంస్థ. అందరి దగ్గరా ఉంటే రహస్యమే కాదు. 1979లో అడి షమీర్ ప్రతిపాదించిన పద్ధతిలో సంకేతాన్ని అయిదు భాగాలు చేసి, ఏ మూడు కలిసినా తెరుచుకునేలా పెట్టాము. రెండు భాగాలు దొరికినవాడికి ఏమీ దొరకనట్టే లెక్క. అయిదుగురిలో నేను ఉండకూడదని పట్టుబట్టాను. అర్రేను నడిపేవాడి చేతిలోనే చెవి కూడా ఉండకూడదు. భాగాలను సీలువేసిన కవర్లలో ఇచ్చాము, ఒకటి విజయవాడ బ్యాంకు లాకరులో ఉన్నది. ఆర్థిక విభాగం మేడమ్ తన కవరును బీరువాలో పెడుతూ, ‘‘దీన్ని మా ఇంట్లో బంగారంలా చూడాలా, కరెంటు బిల్లులా చూడాలా?’’ అని అడిగారు. బంగారంలాగేనండీ, కాకపోతే ఏడాదికొకసారి తీసి చూపించాలి అన్నాను.

మార్చి 29, ఆదివారం

రెండవసారి కరెంటు తీశాము. కొనవలసిన పెట్టెలకు బదులు ప్రయోగాత్మక లైసెన్సుతో రెండు యంత్రాలు పెట్టి, హైదరాబాదు కీ సర్వర్‌ను కూడా కావాలనే ఆపి ఉంచాము. అర్రే దాన్ని కొంతసేపు వెతికి, దొరకక విజయవాడకు వెళ్లి కీలు తెచ్చుకుని, తొమ్మిది నిమిషాలలో పూర్తిగా లేచింది. రాసుకోవలసింది ఇంకేమీ లేదు.

ఏప్రిల్ 10

ఎంపిక ఖరారైంది: డ్రైవ్‌లోనే ఎన్‌క్రిప్షన్, బయట కీ సర్వర్లు, రోగుల పేర్లు, ఫోను నంబర్లు ఉన్న డేటాబేసుకు మాత్రం పైనుంచి డేటాబేసు సొంత ఎన్‌క్రిప్షన్ కూడా. రెండు పొరలు ఎందుకని విక్రేత ప్రతినిధి కొంచెం నొచ్చుకున్నారు. 2018 నాటి సంగతి చెప్పాను. నేను చదవలేని ఫర్మ్‌వేర్‌ను నమ్ముతున్నాను, కానీ దాని మీదే పూర్తిగా ఆధారపడడం లేదు. రెండు పొరలను చేసినవారు వేరు, రెండింటి కీలు వేరు. స్పేర్ డ్రైవ్‌లు నాలుగు ముందే కొని అల్మారాలో పెట్టుకుంటున్నాము, ఎందుకంటే ఈ రకం డ్రైవ్‌లో ధర తేడాకన్నా తెప్పించడానికి పట్టే కాలమే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

ఆర్డరుకు ముందు, ఎన్‌క్రిప్షన్ ముసుగు కప్పని మూలలు ఏమిటని విక్రేతను రాతపూర్వకంగా అడిగాము. ఈ ప్రశ్న మొదటి సమావేశంలోనే అడగవలసింది. కరెంటు పోయినప్పుడు కంట్రోలర్ జ్ఞాపకంలో ఉన్న, ఇంకా డ్రైవ్‌లకు చేరని డేటా ఒక చిన్న ఫ్లాష్ కార్డు మీదకు దిగుతుంది. అది డేటా డ్రైవ్ కాదు కాబట్టి పూల్ లాక్‌లోకి రాదు. వారి మోడలులో దానికి విడిగా ఎన్‌క్రిప్షన్ ఉన్నదని, దాని కీ ఆ కంట్రోలర్‌తోనే ఉంటుందని జవాబు వచ్చింది. అందుకని కంట్రోలర్ మార్చవలసి వస్తే ఆ కార్డు మా దగ్గరే ఉంటుందన్న వాక్యాన్ని ఒప్పందంలో చేర్చాము. కంట్రోలర్ కుప్పకూలినప్పుడు సహాయ కేంద్రానికి పంపే డంప్ ఫైళ్లలో (జ్ఞాపకం నకళ్లలో) రోగుల డేటా తునకలు ఉండవచ్చు. ఆటోమేటిక్‌గా వెళ్లే ఏర్పాటును ఆపించాము. హైదరాబాదు నుంచి విజయవాడకు వెళ్లే ప్రతికృతి డ్రైవ్ నుంచి బయటికి రాగానే విప్పిన డేటాయే, కాబట్టి ఆ దారికి, వెళ్లే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే ఐపీసెక్ సొరంగం వేశాము. బ్యాకప్ టేపుల సంగతి మరీ సిగ్గుచేటు: ఎల్‌టీవో రకం టేపుల నాలుగవ తరం (ఎల్‌టీవో-4) నుంచీ, అంటే 2007 నుంచీ, టేపు డ్రైవ్‌లలోనే ఏఈఎస్-256 ఎన్‌క్రిప్షన్ వసతి ఉన్నది. మాది అంతకన్నా చాలా కొత్త తరం, అయినా ఆ వసతిని ఎవరమూ తాకలేదు. ఇప్పుడు దాని కీలు కూడా అవే కీ సర్వర్ల నుంచి వెళ్తాయి.

కీ సర్వర్ల లాగ్‌లను ఏడాదిపాటు దాచాలని నిర్ణయించాము. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం 180 రోజులు అడిగింది, కొత్త డేటా నియమాలు ఏడాది అడుగుతున్నాయి, ఎక్కువదాన్నే పట్టుకున్నాము.

జూన్ 22

డేటా తరలింపు మే నెలాఖరుకు పూర్తయింది. పాత అర్రేలోని డ్రైవ్‌లను ఒక్కొక్కటిగా లోపలి కీ మార్చి, సీరియల్ నంబరు, తేదీ, సమయం, ఇద్దరి సంతకాలతో రిజిస్టరులోకి ఎక్కించాము. మూడు డ్రైవ్‌లు ఆదేశానికి పలకలేదు. వాటికి డ్రిల్లింగ్ యంత్రమే దిక్కయింది. అయిదేళ్లలో బయటికి వెళ్లిన తొమ్మిదింటి కోసం ఆ వారంటీ సంస్థకు రెండుసార్లు రాశాము. అవి తమ గిడ్డంగికి చేరినట్టు రికార్డు ఉన్నదని ఒక వాక్యం జవాబు వచ్చింది, వాటిని చెరిపిన తేదీ గురించి మాత్రం ఏమీ రాలేదు. ఆడిటర్ ఆ ప్రశ్నను తన నివేదికలో తెరిచే ఉంచారు, అది న్యాయమే.

ఈ రోజు పొద్దున కొత్త అర్రేలో మొదటి డ్రైవ్ చెడింది. స్పేర్ బిగించగానే పూల్ తనంతట తాను కుదురుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం సర్వీసు ఇంజినీరు వచ్చాడు, కుర్రవాడు, చేతిలో అదే రకం సంచి. కాసేపు ఆగమని చెప్పి, చెడిన డ్రైవ్‌ను నా బల్ల మీది పరీక్ష యంత్రానికి తగిలించాను. మోటారు తిరిగింది, మోడలు పేరు, సామర్థ్యం కూడా సరిగ్గానే చూపించింది. మొదటి సెక్టారు చదవబోతే ఇన్‌పుట్ ఔట్‌పుట్ దోషం అని వచ్చింది. నడిమధ్య సెక్టారు, చివరి సెక్టారు కూడా అంతే. లాక్ స్థితి అడిగితే లాక్ అయి ఉన్నదని చెప్పింది.

‘‘ఎలాగూ చెడిపోయిందే కదా సార్, ఇంకా ఏం చూస్తున్నారు?’’ అన్నాడు. రిజిస్టరులో ‘లాక్ స్థితి’ అని కొత్తగా గీసిన గడిలో టిక్ పెట్టి, సంతకం కోసం పెన్ను అతని చేతికి ఇచ్చాను.